మోర్ట్ చప్పుళ్లు

మూడో అద్దం పగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. గోటితో గీసినట్టు సన్నటి గీత ఒకటి ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకింది, అంతే. ఆర్విడ్ లుండీన్ దీపాలార్పి, చేతులకున్న నూలు తొడుగులు విప్పి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

ఒకదాని కింద ఒకటిగా నాలుగు అద్దాలు, వాటన్నిటికీ పైన కిందికి చూస్తూ వేలాడే కెమెరా. పై అద్దం మీద చెట్ల కొమ్మలు, దాని కింద కంచె, ఇంకా కింద కొండలు, అట్టడుగున ఆకాశం. ఇవన్నీ ఒకే కాగితం మీద గీసి కెమెరాని దగ్గరికి దింపితే కొమ్మలూ కొండలూ ఒకే తీరుగా పెరుగుతాయి. ఎంత దగ్గరికెళ్లినా కాగితం కాగితంలాగే ఉంటుంది. అద్దాల్ని విడివిడిగా జరిపితే మాత్రం కొమ్మలు పక్కకి తప్పుకుంటాయి, వాటి సందులోంచి మనమే నడిచి వెళుతున్నట్టుంటుంది. ఈ ఆలోచన ఆర్విడ్‌ది. ఆ రేకుల షెడ్డులో, పాత లారీ విడిభాగాలతో, ఆదివారాలు అరగదీసి కట్టుకుంటూ వచ్చాడు. అంతా బాగానే ఉంది గానీ, ఆ దీపాల వేడికి అద్దం మీది రంగైనా పొక్కుతుంది, లేదా అద్దమే పగులుతుంది. భార్య అతన్ని అద్దాల బీరువాకి అమ్మేశానని చెప్పుకునేది. ఈమధ్య చెప్పుకోవడం కూడా మానేసింది.

"మళ్లీనా?" అంటూ క్రాండల్ లోపలికొచ్చాడు.

లెస్టర్ క్రాండల్ ఆ బొమ్మల స్టూడియో యజమాని. హాలీవుడ్‌కి తూర్పుగా, మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ ఒకటి చవగ్గా దొరికితే అందులో పెట్టాడు. వాన పడితే గోడలు ఇప్పటికీ సబ్బు వాసనేస్తాయి.

"ఈ అద్దాల మేడ కాస్త పక్కన పెట్టవయ్యా. రేపట్నుంచి నీకు వేరే పనుంది. మన మోర్ట్ చేసే చప్పుళ్లన్నీ రికార్డు చెయ్యాలి. తలుపు, గుర్రం, ఉరుము, తుమ్ము, ఆయన దగ్గర ఏవుంటే అవి, దేనికది విడిగా. డబ్బాల్లో పెట్టి పేర్లు రాయించు. కావల్సినప్పుడు తీసి బొమ్మకి అతికించుకుందాం. అతికించడానికి నువ్వు చేసిన బల్ల ఉందిగా."

"మనిషే ఉండగా డబ్బాలెందుకండీ?"

క్రాండల్ బూటుకంటిన మట్టిని గడపకేసి గీరుకున్నాడు. "వచ్చేవారం నుంచి మోర్ట్ ఉండడు. ఈ మాట ఆయన దగ్గర ఎత్తకు, బాగుండదు. గురువారం వ్యానులో డబ్బాలు ఫిల్ము కడిగే ల్యాబ్‌కి వెళ్లిపోవాలి. అది కానిచ్చెయ్, నీ కెమెరాకి కొత్త షెడ్డు, పెద్ద ఫ్యాన్లు, ఇద్దరు మనుషులు. మాటిస్తున్నా."

ఆర్విడ్ ఇంకేమీ అడగలేదు. అడగకుండానే అర్థమైపోయిందనుకున్నాడు. అలా అనుకోవడానికి అతనికి కారణం లేకపోలేదు.

బొమ్మలకి నోరొచ్చిన కొత్తలో సంగీతం ఒక దారి, బొమ్మ ఒక దారి. ఎలుక దూకేసేది, ఆ తర్వాత డోలు మోగేది. వాద్యగాళ్లకి తెరకేసి కళ్లార్పకుండా చూస్తూ, కుదిరేదాకా వాయించి వాయించి చేతులు పడిపోయేవి. వాళ్ల కష్టం చూడలేక ఆర్విడే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఫిల్ము అంచున కొలిచి కొలిచి చిల్లులు పొడిస్తే ప్రతి చిల్లుకీ చెవిగొట్టంలో 'టిక్కు'మంటుంది. ఆ టిక్కు పట్టుకుని వాయిస్తే చాలు, తెర చూడక్కర్లేదు, తాళం తప్పదు. అందరూ అతన్ని మెచ్చుకున్నారు. అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది క్రాండల్. టిక్కు ఉంటే ఒకే మనిషి చేత రెండుసార్లు వాయించి కలుపుకోవచ్చని ఆయనకి తట్టింది. నెల తిరక్కుండా ఫిడేళ్ల వాళ్లలో సగం మంది గేటు బయటున్నారు. వాళ్లలో ఒక ముసలాయన పెట్టె చంకన పెట్టుకుని, వెళుతూ వెళుతూ ఆర్విడ్‌తో చెయ్యి కలిపి, "నీ టిక్కు మంచిదేనయ్యా" అని మరీ వెళ్లాడు. తిట్టినా బాగుండేది.

మంగళవారం పొద్దున్నే మోర్టన్ జెలినెక్ పెట్టెనీ తలుపునీ చక్రాల బండి మీద తోసుకుంటూ రికార్డింగు హాల్లోకొచ్చాడు. పొట్టి మనిషి, అరవై దాటాయి, చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల పైకే. మూకీ సినిమాల రోజుల్లో థియేటర్లో తెర కింద గోతిలో కూర్చుని డోలు కొట్టేవాడు. డోలుతో పాటు గుర్రమూ రైలూ తుపానూ కూడా ఆయన చేతుల్లోంచే వచ్చేవి. సినిమాకి మాటలొచ్చాక థియేటర్ల వాళ్లు గోతులు పూడ్చేసి కుర్చీలేశారు. అప్పుడు ఇక్కడికొచ్చి పడ్డాడు. జీవితమంతా కంచు తాళాల పక్కన కూర్చున్నందుకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పి నవ్వించేవాడు. "పెళ్లాం వైపు చెవి పోయింది, అదృష్టవంతుణ్ణి" అనేవాడు. ఆ పెళ్లాం కూడా పోయి నాలుగేళ్లయింది. పరాచికం మాత్రం మిగిలింది.

"నాయనా ఆర్విడ్, ఏదీ నీ చెవి?" అంటూ మైకుని వేలితో తట్టాడు. "దీనికి టిఫినైందా? ఖాళీ కడుపుతో వింటే నా తలుపు దీనికి అరగదు."

"అయింది పెద్దాయనా. మొదలెడదామా?"

"ఇప్పుడే. పొద్దుటి పూటే కానిచ్చేద్దాం. మధ్యాహ్నం దాటితే నేనెందుకూ పనికిరాను."

పెద్దతనం అనుకున్నాడు ఆర్విడ్. గాజు గదిలోకెళ్లి, యంత్రంలో ఫిల్మెక్కించి, చెవిగొట్టాలు తగిలించుకున్నాడు. పక్కన ఫిల్ము కత్తిరించే పిల్ల నెల్డా డబ్బాలూ, పేర్లు రాసే చీటీలూ ముందేసుకుని కూర్చుంది. చీటీ నాలిక్కి తడిపి అంటించడం ఆమెకి అలవాటు. సాయంత్రానికి నాలిక జిగురు కంపు కొడుతోందని రోజూ సణుగుతుంది, మర్నాడు మళ్లీ నాలిక్కే తడుపుతుంది.

చక్రాల మీద నిలబెట్టిన చట్రానికి బిగించిన తలుపు అది. ఎక్కడికీ దారి తియ్యదు. మోర్ట్ దాని గడియని రెండు వేళ్లతో పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా వదిలాడు. మెత్తగా, ఎంతో మర్యాదగా పడింది.

"ఏమని రాయమంటారు?" అని అడిగింది నెల్డా గాజు తలుపు తెరిచి.

"అత్తగారు ఊరెళ్లింది, అని రాయమ్మాయ్. ఎంత భక్తిగా పడిందో చూశావా?" గడియ మళ్లీ పట్టుకున్నాడు. "ఇప్పుడు అత్తగారు తిరిగొచ్చింది."

ఈసారి హాలు అదిరింది. నెల్డా పగలబడి నవ్వింది. ఆర్విడ్ నవ్వలేకపోయాడు. ఆ అదురుకి యంత్రంలో చప్పుణ్ణి ఫిల్ము మీదికెక్కించే వెలుగు గీత హద్దు దాటేసింది, చప్పుడు చెదిరి ఉంటుంది.

"ఇంకోసారి, పెద్దాయనా."

మోర్ట్ తలెత్తి అతని మొహంలోకి తేరిపార చూశాడు. చూశాక తలూపాడు. "ఎన్నిసార్లైనా."

రెండోసారీ చెదిరింది. మూడోసారి కుదిరింది. 'ఇంకోసారి' అన్నప్పుడల్లా ఆర్విడ్‌కి తన మీద తనకే రోత పుట్టింది. ఆ మనిషి కోసమే గొయ్యి తవ్వుతూ, ఆ మూల ఇంకా కాస్త చదును చెయ్యండని ఆయన చేతికే పార ఇస్తున్నట్టుంది. అయినా చెదిరిన చప్పుణ్ణి డబ్బాలో పెట్టడానికి చెయ్యి రాలేదు. పని పనే.

మధ్యాహ్నం పెరట్లో చెక్కల దొంతి మీద కూర్చుని తిన్నారు. మోర్ట్ నల్ల రొట్టె, ఉడికిన గుడ్డు, పచ్చి ఉల్లిపాయ ఇష్టంగా తిని, టోపీ మొహం మీద పెట్టుకుని అక్కడే పడుకున్నాడు. నెల్డా గొంతు తగ్గించింది.

"ఆయనకి తెలుసా?"

"ఏంటి?"

"నా దగ్గర నటించకండి. ఈ డబ్బాలు రేపు నా బల్ల మీదికేగా వచ్చేది? ఆయన పని నా చేత చేయిస్తారు. అదీ నా జీతానికే."

"చెప్పొద్దన్నాడు క్రాండల్."

"చెప్పొద్దంటే చెప్పరా?"

ఆర్విడ్ రొట్టె మళ్లీ కాగితంలో చుట్టేశాడు. చెప్పాలనే ఉంది. కానీ చెబితే రేపు ఈ ముసలాయన పెట్టె సర్దుకుని వెళ్లిపోతాడు, చప్పుళ్లూ ఉండవు, షెడ్డూ ఉండదు. చెప్పకపోతే చప్పుళ్లుంటాయి, షెడ్డుంటుంది, ఈ ముసలాయన ఉండడు. ఎటు తిప్పినా మోర్ట్ పోతాడు. అటువంటప్పుడు నా కెమెరా అయినా దక్కనీ, అని ఒక ఆలోచన రానే వచ్చింది. వచ్చినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా అది పోలేదు.

బుధవారం మోర్ట్ చెయ్యి బాగా సాగింది. మెత్తటి తోలు సంచీలో మొక్కజొన్న పిండి పోసి రెండు చేతులా నొక్కితే మంచు మీద నడక. కాన్వాసు చుట్టిన పీపాని తిప్పితే గాలి. ఊదిన బుడగ మీద తడి బొటనవేలు లాగితే సిగ్గుపడ్డ ఎలుక. జల్లెడలో ఎండు బఠానీలు పోసి ఒక పక్కకి వంచితే వాన. ఆ వాన మొదలైనప్పుడు చెవిగొట్టాల్లో వింటున్న ఆర్విడ్‌కి మిన్నెసోటాలో వాళ్ల గొడ్లపాక రేకులు గుర్తొచ్చాయి. ఏడెనిమిది చినుకులు ముందు పడ్డాయి, ఆగాయి, ఆలోచించుకున్నట్టు మళ్లీ పడ్డాయి, ఆ తర్వాతే జోరందుకుంది. ఒక్కసారికే కుదిరింది. 'ఇంకోసారి' అనే పని లేకుండా పోయింది.

ఒక్కో వస్తువుతో పనయ్యాక మోర్ట్ దాన్ని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. బొమ్మలో ఎవరైనా జారిపడేటప్పుడు ఊదే జారుడు ఈల మాత్రం నెల్డా చేతిలో పెట్టాడు. "ఉంచుకో. ఎవడన్నా వెంటపడితే ఊదు. పడతాడు లేదా నవ్వుతాడు, రెండూ నీకు మంచిదే."

"మీకక్కర్లేదా?"

"నా దగ్గర నోరుందిగా."

అది చూసి ఆర్విడ్ ఇక ఉండలేకపోయాడు. గాజు గదిలోంచి బయటికొచ్చి దగ్గరగా నిలబడ్డాడు.

"పెద్దాయనా, ఇవన్నీ ఎందుకు తీస్తున్నామనుకుంటున్నారు?"

"ఎందుకేముంది నాయనా, మంచి పనికే." మోర్ట్ బఠానీలు ఏరి సంచీలో పోసుకుంటున్నాడు. "జాగ్రత్తగా తియ్యి. నీ చేతిలో పెట్టాను."

ఆర్విడ్ మళ్లీ గాజు గదిలోకి వెళ్లిపోయాడు. ఇంత నమ్మిన మనిషికి ఏమని చెబుతాడు?

గురువారం పొద్దున క్రాండల్ కొత్త షెడ్డు నమూనా గీయించి తెచ్చి చూపించాడు. గోడలకి నాలుగు వైపులా ఫ్యాన్లు, కెమెరా దించడానికీ ఎత్తడానికీ ఇనప చట్రం, అద్దాలు భద్రపరచడానికి వేరే గది. "ఫ్యాన్లు సరిపోతాయా, ఇంకో రెండు వెయ్యమంటావా?" అని కూడా అడిగాడు. మంచి షెడ్డు. ఆర్విడ్ కలలో కట్టుకున్నదానికంటే మంచిది. నమూనా మడిచి క్రాండల్ చేతికే తిరిగిచ్చేశాడు.

మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్లారు. వ్యాను రావడానికి ఇంకా టైముంది. ల్యాబ్‌కి వారానికి ఒక్కసారే పంపుతారు, అదీ క్రాండల్ పొదుపు. రెండు రోజుల చప్పుళ్లూ డబ్బాల్లో, నల్ల కాగితంలో చుట్టి, అంచులకి పట్టీలేసి, చీకటి బీరువాలో ఉన్నాయి. కడగని ఫిల్ము పసిబిడ్డ కన్ను లాంటిది. కాస్త వెలుతురు తగిలినా ఓర్చుకోలేదు.

ఆర్విడ్ డబ్బాలన్నీ గోనెలో వేసుకుని తన షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. కాలిఫోర్నియా ఎండ నేల మీద తెల్లగా పడి ఉంది. ఒక్కో డబ్బా పట్టీ ఊడదీసి, నల్ల కాగితం విప్పి, ఫిల్ము చుట్టని మోకాళ్ల మీద వదులు చేశాడు. మీగడ రంగు ఫిల్ము చూస్తూ చూస్తుండగానే బూడిద రంగుకి తిరిగింది. మళ్లీ అంతే ఓపికగా చుట్టి, కాగితంలో పెట్టి, పట్టీ వేశాడు. చేతులు పని చక్కగానే చేశాయి.

అతని లెక్క సులువే. చప్పుళ్లు లేకపోతే మోర్ట్ కావాలి. రేపు ఫిల్ము నల్లగా వస్తుంది. యంత్రం మూత దగ్గర వెలుతురు దూరకుండా వేసిన వెల్వెట్ పట్టీ అరిగింది, అందుకే పోయింది అంటాడు. ఎవరూ కాదనరు. ఆ యంత్రం కట్టింది తనే, తప్పు తన మీద తనే వేసుకుంటున్నాడు. పోతే షెడ్డు పోతుంది, పోనీ. ఫిడేలు ముసలాయనకి చెయ్యలేనిది ఈయనకి చేశాననుకున్నాడు. చాలా నెలల తర్వాత ఆ రాత్రి అతనికి ఒళ్లెరగని నిద్ర పట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం క్రాండల్ గదిలోకి పిలుపొచ్చింది. బల్ల మీద ల్యాబ్ నుంచొచ్చిన చుట్టలు. బొగ్గులా నల్లగా, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే నలుపు. మోర్ట్ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన అక్కడ ఉంటాడని ఆర్విడ్ అనుకోలేదు.

"చెప్పు" అన్నాడు క్రాండల్.

"వెల్వెట్ పట్టీ అరిగిందండీ. మూత దగ్గర వెలుతురు దూరినట్టుంది. తప్పు నాదే. చూసుకోవాల్సింది."

క్రాండల్ కేకలెయ్యలేదు. వేసి ఉంటే ఆర్విడ్‌కి సులువయ్యేది. ఆయన మోర్ట్ వైపు తిరిగి, గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "మోర్ట్ గారూ, నన్నేం చెయ్యమంటారు? చప్పుళ్లుంటేనే గదా కార్డు. సోమవారం నుంచి హాలు బ్యాండు వాళ్లది. కార్డు సోమవారమే కెమెరా కిందికెళ్లాలి."

మోర్ట్ ఆయన పెదాలు చూస్తూ విన్నాడు. "రేపొక పూట ఇప్పించండి. ఎన్నొస్తే అన్ని."

"మీరు తియ్యగలరా? అంటే, ఆ చెవితో..."

"తీస్తాను."

క్రాండల్ నల్ల చుట్టల్ని బల్ల అంచుకి తోశాడు. "సరే. రేపొక్క పూట. ఆర్విడ్, కెమెరా సంగతి ఈ ఏడాదికి మర్చిపో. చేతిలో ఉన్న యంత్రం చూసుకోలేనివాడికి కొత్తదెలా ఇస్తాను?"

ఆర్విడ్‌కి రెండో మాట చెవిన పడలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. కార్డేమిటి?

పెరట్లోకొచ్చాక అదే అడిగాడు. మోర్ట్ చెక్కల దొంతి మీద కూర్చుని కుడి చెవి ఇటు తిప్పాడు. అయినా వినపడలేదు. ఆర్విడ్ ఎదురుగా వచ్చి నిలబడి మళ్లీ అడిగాడు.

"పేరు నాయనా" అన్నాడు మోర్ట్. "బొమ్మకి ముందు అట్ట పడుతుంది చూడు, క్రాండల్ పేరుతో. దాని మీద కింద నా పేరు కూడా వేస్తానన్నాడు. 'చప్పుళ్లు, మోర్టన్ జెలినెక్' అని. నా చప్పుళ్లు వాడినన్నాళ్లూ వేస్తాడు. నేనే అడిగాను."

"మీరు అడిగారా?"

"అడగందే అమ్మైనా పెట్టదు, క్రాండల్ పెడతాడా? మొన్న డాక్టరు రెండో చెవి కూడా అయిపోవచ్చిందన్నాడు. పొద్దుట్లో కాస్త పలుకుతోంది, మధ్యాహ్నానికి నీళ్లలో మునిగినట్టే. ఎక్కడో బొమ్మ నడుస్తుండగా తప్పు కొట్టి, అందరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, అప్పుడు పోవడమా? అందుకని ముందే వెళ్లి చెప్పా. వెళ్లిపోతాను, వెళ్లేముందు అన్నీ డబ్బాల్లో పెట్టిచ్చి వెళతాను, పేరు వెయ్యి అన్నా. ఎవరికీ చెప్పకు అని కూడా నేనే అన్నా. చెవిటి డోలు వాడంటే ఊరికే నవ్వులాట. పెటలూమాలో మా చెల్లెలు బెర్తా వాళ్లకి కోళ్లున్నాయి, వేలల్లో. అక్కడ చెవుడు వరం."

ఆర్విడ్ ఆయన పక్కనే కూర్చోబోయి, కూర్చుంటే ఆయనకి మాట వినపడదని గుర్తొచ్చి, నిలబడే ఉన్నాడు. ఎండ నేరుగా కళ్లలో కొడుతోంది.

"వెల్వెట్ పట్టీ బాగానే ఉంది పెద్దాయనా" అన్నాడు. "నేనే ఎండలో విప్పాను. మొత్తం. మిమ్మల్ని పంపించేస్తున్నారనుకున్నాను. ఇవి లేకపోతే మిమ్మల్ని ఉంచుకుంటారనుకున్నాను."

మోర్ట్ అతని పెదాలనే చూస్తున్నాడు. ఆ మాటలు అందడానికి కాస్త సేపు పట్టింది, లేదా అందాక నమ్మడానికి పట్టిందేమో. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దాని అంచు తిప్పుతూ తిప్పుతూ ఆగాడు.

"చెవుడొచ్చింది నాకు" అన్నాడు చివరికి. "నీకేమొచ్చిందయ్యా? నోరుంది కదా. ఒక్క మాట అడగడానికేం?"

మోర్ట్ కుడి భుజం నొక్కుకున్నాడు.

"అత్తగారి తలుపు మూడుసార్లు కొట్టించావు. బాగాలేదు బాగాలేదని. పాడు చెయ్యడానికే అయితే మొదటిదే చాలు కదా, నా భుజమైనా మిగిలేది."

అది పరాచికమో కాదో ఆర్విడ్‌కి తెలియలేదు. మోర్ట్ మొహంలో నవ్వు లేదు. టోపీ పెట్టుకుని లేచి, గేటు వైపు నడిచి, సగం దారిలో ఆగి వెనక్కి తిరక్కుండానే గట్టిగా అన్నాడు. చెవిటివాళ్లు మాట్లాడే గట్టితనం అది. ఆర్విడ్ ఇన్నాళ్లూ దాన్ని హుషారనుకున్నాడు.

"రేపు తొందరగా రా."

ఆ సాయంత్రం ఆర్విడ్ షెడ్డుకి తాళం వేస్తూ లోపలికి చూశాడు. పగిలిన అద్దం ఇంకా చట్రంలోనే ఉంది, దాని మీది కొండలు రెండు ముక్కలయ్యాయి. టిక్కు కనిపెట్టినప్పుడు ఫిడేలు వాళ్లనీ ఏమీ అడగలేదు తను. వాళ్లకేం కావాలో తనకే తెలుసనుకున్నాడు. మంచికే చేశాడు. రెండుసార్లూ మంచికే చేశాడు. తనని చూస్తే తనకే అలసటగా ఉంది. తాళం వేసి ఇంటికెళ్లాడు.

శనివారం పొద్దున నెల్డా ముందే వచ్చి డబ్బాలు సర్దింది. ఆమెకి ఆర్విడే అంతా చెప్పాడు. విన్నాక ఆమె చీటీల కట్ట అతని ముందు కాస్త గట్టిగానే పెట్టింది. మోర్ట్ పెట్టె తోసుకుంటూ వచ్చి మైకు ముందు ఆగి, దాన్ని తట్టి, తల అడ్డంగా ఊపాడు.

"ఇవాళ ఇది కూడా సెలవు పెట్టింది" అన్నాడు కుడి చెవి చూపించి. "ఏం ఫర్వాలేదు. చేతికి తెలుస్తుంది, అరవయ్యేళ్ల చెయ్యి. సగం అది చూసుకుంటుంది. మిగతా సగం నువ్వు చెప్పాలి. ఒక్కటే మాట నాయనా. బాగుంటే బాగుందను, లేకపోతే లేదను. నువ్వు జాలిపడి బాగుందన్నావనుకో, ఆ పాడు చప్పుడు నా పేరు కింద మోగుతుంది, అది నాకు వినపడను కూడా వినపడదు."

"వానతో మొదలెడదాం" అన్నాడు ఆర్విడ్ ఎదురుగా నిలబడి.

గాజు గదిలోకెళ్లి యంత్రం తిప్పి చెయ్యెత్తాడు. మోర్ట్ బఠానీల జల్లెడ రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మణికట్లు కదిలాయి. చెవిగొట్టాల్లో బఠానీలు ఒక్కసారిగా, కుప్పగా, గోల చేస్తూ దొర్లిపోయాయి. ముందు పడాల్సిన చినుకుల్లేవు. మధ్యలో ఆగడం లేదు. బుధవారం నాటి వాన అతని చెవుల్లో ఇంకా ఉంది, ఇంకెక్కడా లేదు.

మోర్ట్ కళ్లు తెరిచి గాజులోంచి అతని మొహం చూశాడు. ఒక పేజీ చదువుతున్నట్టు ఓపిగ్గా చూస్తున్నాడు. పక్కన నెల్డా చీటీ నాలిక మీద పెట్టుకుని, తడపకుండా ఆగిపోయింది. తలూపితే చాలు. 'వాన' అని రాసి అంటించేస్తుంది, పని ముందుకెళుతుంది. అట్ట మీద పేరు పడుతుంది. ముసలాయన సంతోషంగా కోళ్ల దగ్గరికి పోతాడు. ఎవరికీ తెలియదు.

ఆర్విడ్ చెవిగొట్టాలు తీసేసి, గాజు తలుపు తోసుకుని బయటికొచ్చి, పెదాలు కనిపించేలా మోర్ట్ ఎదురుగా వంగి నిలబడ్డాడు. గట్టిగానే అన్నాడు.

"బాగాలేదు. చెయ్యి ఎక్కువ వంగింది. రాళ్లలా పడ్డాయి."

శుక్రవారం నుంచి బిగుసుకుని ఉన్న మోర్ట్ మొహం అప్పుడు కాస్త సడలింది.

"రాళ్లా?" అన్నాడు. "సరే."

అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, జల్లెడ వెనక్కి వంచి, బఠానీలన్నిటినీ మళ్లీ ఒక మూలకి చేర్చుకున్నాడు.